ముంత అప్పగించాం, మా కాగితం ఏది? – ఒడిశా రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా రాష్ట్ర రెవెన్యూ మంత్రి గారికి,

వంశధార ఒడ్డున, ఆంధ్రా సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉన్న ఊరి నుంచి ఒక తెలుగు రైతు నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

అయ్యా, మా పొలంలో దొరికిన పాత బంగారు నాణేల గురించి నేను పెట్టిన అర్జీల్లో ఇది మొదటిది కాదు. తహసీలులో ఇచ్చాను. పై కచేరీలో ఇచ్చాను. గ్రీవెన్స్ రోజున పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడి ఇచ్చాను. మీ పేరున రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాను. ముద్ర వేసిన రసీదులన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కటీ లేదు. ఇక పదిమంది ఎదుట అడగడం తప్ప నాకు దారి కనపడలేదు. పెద్ద మనసుతో చివరిదాకా చదవండి.

నిధి దొరికితే ఏం చేయాలో, ఎవరికెంత చెందాలో మీ శాఖకి నేను చెప్పేదేమీ లేదు. 1878 నాటి నిధుల చట్టం (ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్) మీ అల్మారాల్లోనే ఉంటుంది. నేను అడుగుతున్నది మా ముంత సంగతి.

నిరుడు వానలకి ముందు, మా మెట్ట చెక్కను చదును చేసి అరటి వేద్దామని కూలీలను పెట్టాను. అందులో ఒక సవర గిరిజన ఆడమనిషి ఉంది. ఏళ్ల తరబడి మా పొలంలో నాట్లకీ కోతలకీ వస్తోంది. మధ్యాహ్నం కూడు వేళకి ముందు ఆమె గునపానికి మట్టి ముంత తగిలింది. మూతి మీద పెంకు కప్పి ఉంది. ఆ సమయానికి నేను గట్టు అవతల ఉన్నాను. మిగతావాళ్లు చెట్టు కింద చేరారు. చుట్టుపక్కల చూసే కన్ను లేదు. ఆమె కేకేసింది: "బుగతా, ఇదేటో ఒచ్చి సూడండి!" అంతే అయ్యా. ఆ కేకే వేయకుండా ముంతను చెంగులో చుట్టుకుని వెళ్లిపోయి ఉంటే ఈ లేఖ రాసే పని నాకు ఉండేది కాదు, చదివే శ్రమ మీకు ఉండేది కాదు.

తువ్వాలు పరిచి అందరి ముందూ పోశాం. కందిబద్దంత బంగారు నాణేలు. ఒక వైపు పడుకున్న ఎద్దు, రెండో వైపు ఒక అక్షరం, దాని కింద అంకె. డెబ్బై మూడు లెక్క తేలాయి. మా ఊళ్లో చరిత్ర చెప్పే మాస్టారు చూసి ఇవి గంగరాజుల కాలపు ఫణాలని అన్నారు. ఏటికి అవతల ముఖలింగమే ఒకప్పుడు ఆ రాజుల కళింగనగరం కాబట్టి మాకు పెద్ద ఆశ్చర్యం అనిపించలేదు. తెలంగాణలో, జనగామ దగ్గర పెంబర్తిలో 2021 ఏప్రిల్‌లో భూమి చదును చేస్తుంటే రాగి బిందె దొరకడం, అధికారులొచ్చి స్వాధీనం చేసుకోవడం టీవీలో చూసినవాళ్లమే. అందుకే ఎవరూ మరో ఆలోచన చేయలేదు. ఆ సాయంత్రమే నేను కాగితం రాశాను. ఏం దొరికిందో, ఎక్కడ దొరికిందో, ఏ రోజున దొరికిందో, ఎవరికి దొరికిందో. కింద ఆమె వేలిముద్ర, దాని పక్కన నా సంతకం.

మర్నాడు జీపులొచ్చాయి. ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) వచ్చారు, పోలీసులొచ్చారు. బజారులోని బంగారం కొట్టు నుంచి త్రాసు తెప్పించి తూచారు. ముప్పై గ్రాములకు కాస్త పైన తూగింది. స్వాధీన పత్రంలో బంగారం అని కూడా రాయలేదు, "పసుపు రంగు లోహపు ముక్కలు" అని రాశారు. బరువు రాశారు. ఎన్ని ఉన్నాయో రాయలేదు. డెబ్బై మూడు అని రాయండి బాబూ అని నేను అడిగితే, బరువు రాశాక లెక్కెందుకని కసిరారు. లెక్కెందుకా? బరువుకి బరువు ఏ తుక్కు బంగారమైనా సరిపోతుంది. ఎద్దు బొమ్మ ఉన్న ఫణం పోయి దాని బదులు కరిగించిన ముక్క వచ్చి చేరితే ఆ పత్రం ఎవరిని పట్టిస్తుంది? పత్రం మొత్తం ఒడియాలో ఉంది. ఆమెకు సవర వచ్చు, తెలుగు వచ్చు. ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నారు గానీ అందులో ఏముందో ఒక్కరూ చదివి చెప్పలేదు. నకలు అడిగితే తర్వాత ఇస్తామన్నారు. ఆ తర్వాత ఇంకా రాలేదు.

అయ్యా, ఇక్కడి నుంచి చట్టం ఏం చేయమందో మీకు తెలుసు. కలెక్టరు ప్రకటన వేయాలి. హక్కుందనుకునేవాళ్లంతా ఫలానా రోజున రావాలని చెప్పాలి. ఆ రోజు ప్రకటన వేసిన నాటి నుంచి నాలుగు నెలలకు ముందు ఉండకూడదు, ఆరు నెలలు దాటకూడదు. భూమి ఒకరి స్వాధీనంలో ఉండి, దొరికింది మరొకరికైతే భూమి గలవాడికి విడిగా నోటీసు పంపాలి. మా విషయంలో భూమి నాది, దొరికింది ఆమెకి. నాకు ఆ నోటీసు రాలేదు. ప్రకటన పడిందో లేదో చెప్పే నాథుడు లేడు. ఒక గుమాస్తా పడిందంటాడు, ఇంకొకరు ఫైలు పైకి వెళ్లిందంటారు, మూడో ఆయన అలాంటి ఫైలే లేదంటాడు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. అదే చట్టం ఆరో సెక్షను ప్రకారం, ప్రకటనలో చెప్పిన రోజున హాజరు కానివాడి హక్కు పోతుంది. ఎక్కడో ఒక గోడకి కాగితం అంటించి, మాకు తెలియకుండానే గడువు దాటించి, "మీరు రాలేదు కాబట్టి మీకేమీ లేదు" అంటే మేం ఎవరికి చెప్పుకోవాలి? ఆ రోజు ఏదో చెప్పండి, మేం ముందు రోజు రాత్రే వచ్చి మీ గుమ్మంలో పడుకుంటాం.

ఇంతకంటే పెద్ద అన్యాయం ఆ మనిషికి జరిగింది.

ముంత తీసుకెళ్లాక పోలీసులు ఊరుకోలేదు. "మిగతాది ఎక్కడ దాచావు" అంటూ ఆమె గుడిసెకి వెళ్లారు. చీకటి పడ్డాక వెళ్లారు. చోళ్ల (రాగుల) కుండ బోర్లించారు. పడుకునే చోట నేల తవ్వారు. మెడలో ఉన్న పూసల దండ తీయించి చూశారు. ఆమె కొడుకుని, పదోది చదివే గుంటడిని, స్టేషనుకి తీసుకెళ్లి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టారు. ఏమీ దొరకలేదు, దొరకడానికి ఏమీ లేదు. కానీ ఊళ్లో మాట పడిపోయింది. మర్నాటి నుంచి ఆమె వీధిలోకి వస్తే "బంగారం మనిషి" అని వెనక నవ్వులు. పనికి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. పోలీసులు మళ్లీ వస్తారని కొందరికి భయం, ఆమె దగ్గర బంగారం ఉండగా కూలెందుకని కొందరి ఏడుపు. సంతలో అప్పుగా ఉప్పు, ఎండు చేపలు ఇచ్చే షావుకారు కూడా బంగారం అమ్మి కట్టమన్నాడట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. తలవంచుకుని కాలి బొటనవేలితో మట్టి గీస్తూ నిలబడింది. నేనే తట్టుకోలేకపోయాను.

దాచిన మనిషిని శిక్షించే సెక్షను ఉంది, ఏడాది వరకు జైలు అని రాసి ఉంది. ఒప్పుకుంటాను, ఉండాలి. చెప్పిన మనిషిని దాచిన మనిషిలా చూడమని మాత్రం ఏ సెక్షనులోనూ లేదు.

ఇంకో మాట చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. ఆఫీసులో ఒకాయన నన్ను పక్కకి పిలిచి సలహా ఇచ్చాడు: "తవ్వించింది నువ్వు, కూలి ఇచ్చింది నువ్వు. దొరికింది నాకేనని కొత్త కాగితం రాసివ్వు, మొత్తం నీదే అవుతుంది, పని కూడా తొందరగా అవుతుంది." మా చుట్టాల్లోనూ ఈ మాట అన్నవాళ్లున్నారు. కూలి మనిషికి కూలే గానీ హక్కేమిటని వాళ్ల వాదన. నేను ఆమెకి ఇచ్చింది మట్టి తవ్వినందుకు కూలి. బంగారం వెతికిపెట్టమని ఎవరం ఎవరికీ కూలి ఇవ్వలేదు. నా తాత కాలం నుంచి ఆ చెక్క మా చేతిలో ఉంది. దున్నాం, చోళ్లు చల్లాం, కంది వేశాం. ఇన్నేళ్లలో ముంత మా కంట పడలేదు. ఆమె కంట పడింది, ఆమె దాచకుండా చెప్పింది. భూమి గలవాడి హక్కుని దొరికినవాడు కాదనకపోతే, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవాడికి ముప్పావు వంతు, భూమి గలవాడికి పావు వంతు అని బ్రిటిష్ వాళ్లు రాసిన చట్టమే పంచింది. నేను ఒప్పుకుంటున్నాను. ఇంతకు ముందు ఇచ్చిన కాగితంలో రాశాను, ఇక్కడ మళ్లీ రాస్తున్నాను: దొరికింది ఆమెకి. ముప్పావు ఆమెది. పావు నాది. నా పావు నేను వదులుకోను, అది నా భూమికి దక్కవలసింది. కానీ ఆమె ముప్పావులో ఒక్క ఫణం మీద కూడా నాకు ఆశ లేదు. ఆ కొండవాలు భూములన్నీ ఒకప్పుడు సవరలవేనని మా తాత నోటితో నేనే విన్నాను. అలాంటి నేల మీద, ఆమె చేతికి దొరికిన దానికి, ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయమంటే నా చెయ్యి ఎలా ఆడుతుంది?

గుడి కమిటీ పెద్దలు కూడా ఒక వాదన తెచ్చారు. నాణెం మీద ఎద్దు ఉంది కాబట్టి అది నంది, నంది కాబట్టి శివుడి సొమ్ము, కాబట్టి గుడికి చేరాలట. ముఖలింగేశ్వరుడి మీద భక్తి నాకూ ఉంది, ప్రతి శివరాత్రికి ఏరు దాటి వెళ్లేవాడినే. కానీ ఎద్దు ఆ రాజుల గుర్తు. రాజు గుర్తు వేసిన డబ్బంతా దేవుడిది అయ్యేటట్టుంటే ఆ రాజ్యంలో అంగడే నడిచేది కాదు. లేదు, ఇది గుడి సొమ్మే అంటే ఆ ఆధారం విచారణలో చూపించనివ్వండి. చట్టం అంత గడువు పెట్టింది అందుకే కదా. ఇంకొందరు రాజుల వారసుల సంగతి ఎత్తారు. మా ప్రాంతపు జమీందార్లు గంగవంశం వాళ్లమని చెప్పుకున్నవాళ్లే. కానీ పాతిపెట్టినవాడి తరఫున దావా వేయాలంటే, దొరికిన నాటికి నూరేళ్ల లోపల పాతిపెట్టినదై ఉండాలి. ఆ గంగరాజుల్లో చోడగంగు పట్టానికి వచ్చింది 1078లో. ఆయన తరవాత ఆ వంశం ఇంకా కొన్ని వందల ఏళ్లు ఏలింది. ఎటు చూసినా నూరేళ్లకి చాలా అవతలి మాట.

ఇక మిగిలింది ప్రభుత్వం. ఇంత పాత నాణేలు దేశానివి, ఎవరింట్లోనో నగగా కరిగిపోకూడదు అంటే నేను మీకంటే గట్టిగా అంటాను. భువనేశ్వర్ మ్యూజియంలో గాజు పెట్టెలో ఉంచండి, పక్కన మా ఊరి పేరు రాయండి, మా పిల్లలు వెళ్లి చూసుకుంటారు. ముంత వెనక్కి ఇమ్మని మేం అడగడం లేదు. కానీ దానికీ చట్టంలో దారి ఉంది. ప్రభుత్వానికి కావాలంటే లోహం విలువ కట్టి, దాని మీద ఐదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. తీసుకోవడం అంటే కొనుక్కోవడం అయ్యా, లాక్కోవడం కాదు. నిజానికి ఆ లెక్క కూడా చిన్నదే. గంగల ఫణానికి ఉన్న విలువ అందులోని అరగ్రాము కూడా తూగని బంగారంలో లేదు. ఇంగ్లండులో 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక రైతు పొలంలో పాత బంగారం దొరికితే, నిపుణుల చేత ధర కట్టించి 32 లక్షల 85 వేల పౌండ్లు ఇచ్చి మ్యూజియంలు కొనుక్కున్నాయి. దొరికినవాడికి సగం, రైతుకి సగం. మనకి 1878లో చట్టం రాసిపెట్టి వెళ్లినవాళ్లు తమ దేశంలో 1996లో కొత్త చట్టం తెచ్చుకున్నారు. మనం పాత చట్టాన్నైనా అమలు చేయడం లేదు. మేం స్టాఫర్డ్‌షైర్ ధర అడగడం లేదు. లోహం విలువ, ఐదో వంతు, మీ చట్టంలో ఉన్నదే అడుగుతున్నాం.

నా పొలం గతి కూడా వినండి. ముంత కబురు సరిహద్దు దాటి పాకింది. ఆ నెల నుంచే రాత్రిళ్లు తవ్వకాలు మొదలయ్యాయి. పొద్దున వెళ్లేసరికి నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కోడి ఈకలు. వాటి పక్కన నడుం లోతు గొయ్యి. ఒకచోట పూడిస్తే ఇంకోచోట తవ్వుతున్నారు. ఈశాన్యం మూల ఉన్న మామిడి చెట్టుని వేళ్లతో సహా పెళ్లగించేశారు. నాటిన అరటి పిలకల్లో సగం పోయాయి. ఒక రాత్రి మా ఆవు గోతిలో పడి కాలు విరిగింది. దాన్ని బయటికి తీయడానికి తాళ్లు వేసి తెల్లవారేదాకా లాగాం. స్టేషనుకెళ్లి చెబితే "నీ పొలంలో ఇంకా ఉందేమో, నువ్వే తవ్విస్తున్నావేమో" అన్నారు. ఆ మాట విన్నాక మళ్లీ ఫిర్యాదు చేయడానికి కాళ్లు ముందుకు పడలేదు. ఆవుకి కట్లు కట్టించాను, పాలు పోయాయి. ఇప్పుడు నేనూ మా అబ్బాయీ వంతులేసుకుని టార్చి పట్టుకుని కాపలా ఉంటున్నాం. పాముల కాలం వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లకి మేం తిరిగొచ్చేదాకా కునుకు లేదు.

అధికారికంగా ఒక్కసారి పురావస్తు శాఖ వాళ్లొచ్చి చూసి, ఇక్కడ ఇంకేమీ లేదనో, ఉంటే తామే తవ్వుతామనో బోర్డు పెడితే ఈ పీడ విరగడయ్యేది. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియాఖేడాలో ఒక సాధువుకి కల వచ్చిందంటే కేంద్ర పురావస్తు శాఖ పలుగులు పట్టుకుని వెళ్లింది. అనుకున్న బంగారం ఏమీ దొరకలేదు. ఇక్కడ కల కాదు, కళ్ల ముందు దొరికింది, కాగితం రాసి ఇచ్చాం. ఇంతవరకు ఒక్క పురావస్తు ఉద్యోగి ఆ గట్టు ఎక్కలేదు.

మీరు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. మా ముంతకి ఏం జరిగిందో ఈ ఏటి పొడుగునా అందరికీ తెలుసు. "నువ్వు చెప్పావు, నీకేం ఒరిగింది?" అని నన్ను ముఖం మీదే అడుగుతున్నారు. ఇకమీదట ఎవరికైనా ఇలాంటిది దొరికితే కంసాలి కుంపటికి వెళ్తుంది, మీ మ్యూజియానికి రాదు. ఆ ఎద్దు, ఆ అక్షరం, రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు అని చెప్పే ఆ అంకె, అన్నీ ఒక్క పూటలో ఉంగరమైపోతాయి. ఆ నష్టానికి పూచీ ఎవరిది?

అయ్యా, ప్రకటన పడిందో లేదో చెప్పండి. పడకపోతే వేయించండి. నాకు రావలసిన నోటీసు పంపించండి, ఆమెకి అర్థమయ్యేలా తెలుగులోనో సవరలోనో చదివి వినిపించే మనిషిని పెట్టండి. స్వాధీన పత్రం నకలు ఇప్పించండి. ఖజానాలో ఉన్న మూట మా ఇద్దరి ముందు, ఆ మాస్టారి ముందు విప్పించి లెక్కపెట్టించండి. డెబ్బై మూడు ఉన్నాయో లేదో అందరం చూస్తాం. విచారణ మా ఊళ్లో పెట్టండి, కచేరీ దాకా రావడానికి ఆమె ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. ఆమె ఇంటి నేల తవ్వినవాళ్ల చేత, ఆమె దగ్గర ఏమీ దొరకలేదని ఊరందరి ముందు చెప్పించండి. డబ్బు ఆలస్యమైనా ఓర్చుకుంటాం, ఈ ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకండి. రాత్రి తవ్వకాలు ఆపడానికి కొన్నాళ్లు గస్తీ పెట్టించండి.

ఇవన్నీ మా వల్ల కాదంటే, ఏది కాదో, ఎందుకు కాదో ఒక కాగితం మీద రాసి పంపండి. ఆమె నా దగ్గరికి పనికి వచ్చినప్పుడల్లా గట్టు మీద నిలబడి అడుగుతుంది: "బుగతా, మన కాయితం ఒచ్చిందా?" ఇంకా లేదని చెప్పి చెప్పి నాకు మాట రావడం లేదు. ఆమెకి చూపించడానికి మీ సంతకం ఉన్న జవాబు ఒకటి పంపించండి.

ఇట్లు,
భూమి యజమాని,
దొరికినామె తరఫున కూడా.